ఓవర్‌టైమ్ మొదలయ్యే ముందు చెవి లెక్క చూసుకోండి

ఆర్డర్లు మీదపడి షిఫ్టు 8 గంటల నుంచి 12 గంటలకు పెరుగుతుందంటే జీతాల లెక్క, కరెంటు లెక్క అందరూ వేస్తారు. చెవి లెక్క ఎవరికీ గుర్తురాదు. మెషిన్లు పాతవే, మోతా పాతదే కదా అనుకుంటారు. పెరిగింది సమయం, చెవికి దెబ్బ మోతతో పాటు దానివల్ల కూడా.

పనిచోట ఆరోగ్యం, భద్రతపై పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం రోజుకు 8 గంటలకు హద్దు 85 డెసిబెల్స్ (మోతను కొలిచే ప్రమాణం). ఆపైన మోత 3 పెరిగిన ప్రతిసారీ ఉండదగ్గ సమయం సగమవుతుంది: 88 అయితే 4 గంటలు, 94 అయితే గంట, 100 అయితే 15 నిమిషాలు. ఇదే లెక్కన 12 గంటల షిఫ్టుకు హద్దు దాదాపు 83కి దిగుతుంది. కొన్ని చట్టాలు 90 దాకా ఒప్పుకుంటాయి. చట్టం ఒప్పుకుంది కదా అని చెవి ఒప్పుకోదు.

మోత కొలవడం పని జోరుగా సాగే రోజునే పెట్టుకోండి. సగం మెషిన్లు ఆగి ఉన్నప్పుడు తీసిన రీడింగు ఎందుకూ పనికిరాదు. మెషిన్ పక్కన మీటరు పట్టుకుని ఒక అంకె రాసుకుంటే అది మెషిన్ మోత. మనిషి రోజంతా ఒకేచోట నిలబడడు. అందుకే మనిషికి డోసిమీటర్ (చెవికి చేరిన మొత్తం మోతను లెక్కగట్టే చిన్న మీటరు) తగిలించాలి: మైకు భుజం మీద, చెవికి దగ్గరగా, షిఫ్టు మొత్తం. ముందూ తర్వాతా కాలిబ్రేటర్‌తో (తెలిసిన మోతను వినిపించే పరికరం) మీటరును సరిచూడాలి. ఏ గంటలో ఏ పని చేశారో పక్కనే రాసిపెట్టండి, లేకపోతే మోత ఎక్కడిదో తేలదు. ఫోన్ యాప్ అనుమానం కలగడానికి చాలు, తీర్పుకు చాలదు.

అరిగిన బేరింగు, వదులైన కవరు, గాలి లీకయ్యే గొట్టం ముందు బాగుచేయించండి. ఇయర్‌ప్లగ్గుల సంగతి ఆ తర్వాత.

ఫోమ్ ప్లగ్గును సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి దూర్చాలి. అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టుకోవాలి. ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే ప్యాకెట్ మీది అంకె ల్యాబులో వచ్చింది, పనిలో అంత రాదు. పైగా 30 డెసిబెల్స్ తగ్గించే ప్లగ్గును కూడా 8 గంటల్లో అరగంట తీసేస్తే రోజు మొత్తానికి దక్కే తగ్గింపు 12 డెసిబెల్స్ మాత్రమే. మాట వినబడట్లేదని తీసేవాళ్లే ఎక్కువ. మాట్లాడాలంటే బయటికి రమ్మనండి.

ఓవర్‌టైమ్‌కు ముందే అందరికీ వినికిడి పరీక్ష చేయించండి, అంతకుముందు 14 గంటలు మోతకు దూరంగా ఉంచి. మోత దెబ్బ సాధారణంగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే కీచు శబ్దాల దగ్గర, మొదలవుతుంది. మాటలు చాలావరకు వినబడుతూనే ఉంటాయి కాబట్టి మనిషికి తెలియదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు చస్తే మళ్లీ మొలవవు. షిఫ్టు దిగాక చెవుల్లో గుయ్యిమంటే నిద్రపోతే తగ్గిందిలే అని వదిలేయొద్దు. టోలుయిన్, స్టైరీన్ వంటి ద్రావకాలు వాడే చోట మోత తక్కువున్నా పరీక్ష మానొద్దు, అవి కూడా చెవిని తింటాయి.