బడిలోనూ ఆఫీసులోనూ రంగు వివక్షను తగ్గించడం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చేయాలి

యాన్యువల్ డే డ్యాన్సుకి పిల్లల్ని ఎత్తు చూసి నిలబెట్టామనే అనుకుంటాం. తీరా ఫోటో చూస్తే ముందు వరుసలో తెల్లటి పిల్లలే ఎక్కువ. భరతమాత వేషం ఏటా అదే ఛాయ పిల్లకి వెళ్తుంది. రాక్షసుడి వేషం ఎవరికి వెళ్తుందో వేరే చెప్పక్కర్లేదు. కృష్ణాష్టమికి నల్లనయ్య వేషం కట్టడానికి కూడా తెల్లటి బాబునే వెతికి, వాడికి నీలం రంగు పూస్తాం. ఆ పిల్లలు పెద్దయ్యాక ఇదే వరుస షోరూముల్లో కొనసాగుతుంది: కౌంటరు దగ్గర కొందరు, గోడౌన్లో కొందరు.

దీన్ని మార్చాలనుకున్నవాళ్లు సాధారణంగా ‘నలుపు కూడా అందమే’ అని ఒక పోస్టరు అంటించి, ఒక ఉపన్యాసం పెట్టిస్తారు. అది పనిచేయదు. ఆ మాట కూడా మనిషిని అందంతోనే కొలుస్తుంది, పైగా ఆ ‘కూడా’ ఒకటి. పిల్లకు కావలసింది అందగత్తెవన్న సర్టిఫికెట్ కాదు, ముందు వరుసలో చోటు. కాబట్టి ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, ఎవరిని ఏమని పిలవాలి అనే నిర్ణయాల దగ్గర పని మొదలుపెట్టండి.

ముందు లెక్క తీయండి

రెండు వారాలు, ఒక నోటుబుక్కు చాలు. బడి అయితే గత మూడేళ్ల యాన్యువల్ డే ఫోటోలు, ప్రార్థన చదివించే పిల్లలు, క్లాసు లీడర్లు, అతిథులకు పూలగుత్తి ఇచ్చేవాళ్లు, అడ్మిషన్ల ఫ్లెక్సీలు చూడండి. చాలా ఫ్లెక్సీల మీద ఆ బడి పిల్లలే ఉండరు, ఇంటర్నెట్లో దొరికిన విదేశీ పిల్లలు నవ్వుతుంటారు. ఆఫీసు అయితే రిసెప్షను, క్లయింట్ల ముందుకి వెళ్లేవాళ్లు, వెబ్‌సైటు ఫోటోలు, స్టేజీ మీద యాంకరింగ్ చేసేవాళ్లు.

ఇద్దరు విడివిడిగా చూసి తర్వాత పోల్చుకోవాలి. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ముందు కనిపించేవాళ్లు మొత్తం క్లాసులా, మొత్తం స్టాఫులా ఉన్నారా, లేక అందులోంచి ఏరి తీసినట్టున్నారా? పేర్లు రాయకండి, మనుషుల్ని రంగుల వారీగా విడదీసిన జాబితా తయారు చేయకండి. ఆ కాగితం ఎవరి చేతిలోనైనా పడితే అదే కొత్త అవమానం అవుతుంది.

‘రంగు తక్కువ’ అనే మాట దగ్గర ఆగండి

తెలుగు టీచర్లకు ఇది మంచి పీరియడ్. చర్మంలో రంగునిచ్చే పదార్థం ఎక్కువ ఉన్న మనిషిని మనం ‘రంగు తక్కువ’ అంటాం. కాన్పు తర్వాత ‘పిల్ల కొంచెం ఛాయ తక్కువ’, పెళ్లిచూపుల్లో ‘చామనఛాయే గానీ కళగల మొహం’. బోర్డు మీద ఈ వాక్యాలు రాసి ‘గానీ’, ‘అయినా’ అనే మాటల కింద గీత గీయమనండి. ‘నల్లగా ఉన్నా తెలివైంది’ అనే వాక్యంలో ‘ఉన్నా’ తీసేసి ‘నల్లగా ఉంటుంది, తెలివైంది’ అని చదివితే తేడా ఏమిటో పిల్లలే చెబుతారు. తిట్టు మొత్తం ఆ చిన్న ప్రత్యయంలోనే దాక్కుని ఉంది.

తర్వాత బోర్డును రెండు భాగాలు చేసి ‘నల్ల’, ‘తెల్ల’ మాటల్ని పోగు చేయించండి. నల్లధనం, నల్లబజారు ముందు వస్తాయి. ఆగకుండా అడుగుతూ ఉంటే నల్లరేగడి, నల్లమల, నల్లపూసలు, సింగరేణి నల్లబంగారం వస్తాయి. అటువైపు తెల్లకాగితంతో పాటు తెల్లబోవడం, తెల్లమొహం వేయడం, బతుకు తెల్లారిపోవడం కూడా వస్తాయి. మన భాష ఎప్పుడూ తెలుపునే మెచ్చుకోలేదని పిల్లలకు అప్పుడు కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ‘నలుపు నారాయణ మెచ్చు’ అన్న సామెత ఎవరో ఒకరు తప్పక చెబుతారు. అది ఓదార్పుగా వాడే మాట అని, ఓదార్చాల్సిన అవసరం ఎందుకొచ్చిందని అక్కడే అడగండి.

రంగులు కలిపే పీరియడ్

4 నుంచి 7వ తరగతి వరకు బాగా పనిచేస్తుంది. క్రేయాన్ల డబ్బాలో లేత గులాబీ ముక్కను చూపించి పిల్లలు ‘స్కిన్ కలర్’ అంటారు. అమెరికాలో క్రేయోలా కంపెనీ తన ‘ఫ్లెష్’ రంగు పేరును 1962లోనే ‘పీచ్’ అని మార్చింది. మన క్లాసుల్లో ఆ పిలుపు ఇంకా పోలేదు.

40 మంది పిల్లలకు 15 మిల్లీలీటర్ల పోస్టర్ కలర్ సీసాలు పసుపు 2, తెలుపు 2, ఎరుపు 1, నీలం 1 సరిపోతాయి. నలుగురికి ఒక పాత ప్లేటు, ఒక్కొక్కరికి అగ్గిపెట్టెంత కాగితం ముక్కలు మూడు. పసుపు రెండు పాళ్లు, ఎరుపు ఒక పాలు కలిపితే నారింజ వస్తుంది. అందులో అగ్గిపుల్ల మొనతో నీలం చుక్క వేస్తే గోధుమ రంగులోకి తిరుగుతుంది. ఇక్కడినుంచి నీలం, తెలుపు చుక్కచుక్కగా కలుపుతూ తమ చేతి రంగుకి దగ్గరగా తెచ్చుకోవాలి. ముదురు చేయడానికి నల్ల రంగు ఇవ్వకండి. పసుపుతో కలిస్తే అది పాచి పచ్చగా మారి, ‘నా రంగు ఇలా పాడైందేమిటి’ అని ముదురు ఛాయ పిల్లలే చిన్నబుచ్చుకుంటారు. ట్యూబ్‌లైటు కింద కాకుండా కిటికీ పక్కన కూర్చోబెట్టండి. రంగు ఆరాకే చేతి పక్కన పెట్టి చూడాలి, తడిగా ఉన్నప్పుడు వేరేలా కనిపిస్తుంది.

ఈ పీరియడ్ చెడేది ఒక్క చోట: పిల్లలు చేతులు పక్కపక్కన పెట్టి ‘నాదే తెలుపు’ అని పోటీ మొదలుపెడతారు. అందుకే మొదటి ముక్క మీద మోచేతి లోపలివైపు రంగు, రెండో ముక్క మీద మణికట్టు పైవైపు రంగు కలపమనండి. మూడోది తప్పులకి. తమ ఒంటి మీదే రెండు రంగులు ఉన్నాయని తెలిశాక పోటీ చల్లబడుతుంది. ముక్కల మీద పేర్లు రాయించకండి. గోడకి అంటించేటప్పుడు లేత నుంచి ముదురుకు వరుసగా పెట్టొద్దు, కలగాపులగంగా అంటించండి. ఒక్క ముక్క కూడా క్రేయాన్ డబ్బాలోని ‘స్కిన్’తో కలవదు, ఆ క్రేయాన్‌ను కూడా పక్కనే అంటించండి.

సైన్సు ఏం చెప్పాలి

పెద్ద తరగతులకు నాలుగు విషయాలు చాలు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను మెలనోసైట్లు తయారు చేస్తాయి. ఈ కణాల సంఖ్య అందరిలోనూ దాదాపు సమానమే. అవి తయారు చేసే మెలనిన్ ఏ రకం, ఎంత, దాని రేణువులు ఎంత పెద్దవి, ఎలా పరుచుకున్నాయి అన్నదే తేడా. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు శరీరంలోని ఫోలేట్ అనే బి విటమిన్‌ను దెబ్బతీస్తాయి, గర్భంలోని శిశువు ఎదుగుదలకు ఫోలేట్ కావాలి. తెలుగు నేల సుమారు 12 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది, ఇంత ఎండలో మెలనిన్ ఒక గొడుగు. ఇక జన్యువులు: 2005లో జీబ్రా చేపల పరిశోధనతో వెలుగులోకి వచ్చిన ఎస్‌ఎల్‌సీ24ఏ5 జన్యువులో ఒక్క డీఎన్‌ఏ అక్షరం మార్పు చర్మం ఛాయను లేత చేస్తుంది. దక్షిణాసియావాసుల్లోనూ యూరప్ వాళ్లలోనూ ఈ మార్పు ఒకే మూలం నుంచి వచ్చిందని 2013లో వచ్చిన అధ్యయనం తేల్చింది, అందులో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు. రంగును నిర్ణయించే జన్యువులు ఇలాంటివి చాలా ఉన్నాయి కాబట్టే ఒకే తల్లి పిల్లలు వేరువేరు ఛాయల్లో పుడతారు. కుంకుమపువ్వు పాలు తాగినా తాగకపోయినా అంతే.

పాఠం ఇంత బాగా చెప్పి, చివర్లో ‘ఎండలో తిరగకండి, నల్లబడతారు’ అంటే చెప్పిందంతా నీళ్లపాలే. ‘వడదెబ్బ తగులుతుంది’ అనండి.

9వ తరగతి నుంచి క్రీముల సంగతి కూడా చెప్పాలి. కొన్ని తెల్లబరిచే క్రీముల్లో ఉండే పాదరసం మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది, ఒంట్లోకి ఇంకి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. డాక్టరు చీటీ లేకుండా మొహానికి రాసే స్టెరాయిడ్ క్రీములు చర్మాన్ని పలచబరుస్తాయి, మొటిమలు, ఎర్రదనం తెస్తాయి, ఆపితే ఇంకా ఎక్కువవుతాయి. 1975లో వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’గా పేరు మార్చుకుంది. పాత, కొత్త ప్రకటనలు పక్కపక్కన పెట్టి, మాట మారింది, బొమ్మ మారిందా అని పిల్లల్నే చూడమనండి.

మాట పడినప్పుడు

‘బొగ్గు’, ‘కర్రోడా’, ‘కాకి’ అన్న మాట క్లాసులో వినపడితే అరనిమిషం చాలు. అన్న పిల్లవాడితో: ‘ఆ మాట ఈ క్లాసులో వద్దు నాన్నా, పేరు పెట్టి పిలువు.’ అంతే, పాఠంలోకి వెళ్లిపోండి. పడిన పిల్లను అందరి ముందూ ఓదార్చకండి. ముఖ్యంగా ‘నువ్వేం నల్లగా లేవులేమ్మా’ అనకండి. నల్లగా ఉండటం తప్పే, నువ్వు మాత్రం తప్పించుకున్నావు అని దాని అర్థం. క్లాసు అయ్యాక విడిగా ‘వాడన్నది తప్పు, నేను విన్నాను, ఊరుకోను’ అని చెప్పండి. మళ్లీ జరిగితే తేదీతో రాసి హెడ్మాస్టరుకివ్వండి. ఈ ముద్దుపేర్లు టీచర్ల నోటినుంచే వచ్చే బడులూ ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 2009లోని సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. తల్లిదండ్రులకు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది.

ఆఫీసులో ఇది పరామర్శలా వస్తుంది. ‘ఏంటి మేడమ్, ఈ మధ్య బాగా నల్లబడ్డారు?’ పక్కనున్నవాళ్లు నవ్వకుండా ‘ఆ సంగతి ఎందుకులెండి సార్, రిపోర్టు ఎంతవరకు వచ్చింది?’ అని మాట మార్చినా చాలు, రెండు మూడు సార్లకి అర్థమవుతుంది. ఆ జవాబు చెప్పాల్సింది మాట పడినావిడ కాదు, పక్కవాళ్లు. దీన్ని శిక్షణలో నిజంగా పలికించి అలవాటు చేయాలి.

శిక్షణ 90 నిమిషాలు, 20 మందికి మించకుండా. మేనేజర్లు లేకుండా పెట్టకండి, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టర్ల మనుషుల్నీ పిలవండి. ముదురు ఛాయ ఉన్న ఉద్యోగిని లేపి ‘మీ అనుభవం చెప్పండి’ అని అడగకూడదు, అది పాఠం పేరుతో చేసే ఇంకో అవమానం. బయటి ఉదాహరణ చాలు: 2025 మార్చిలో కేరళ చీఫ్ సెక్రటరీ శారదా మురళీధరన్ తన రంగు మీద పడిన వ్యాఖ్య గురించి బహిరంగంగా రాశారు. రాష్ట్రంలో అత్యున్నత అధికారి హోదాలో ఉన్నావిడకే అది తప్పలేదు.

నియామకాల్లో అసలు పని ‘ప్రెజెంటబుల్’ అన్న మాటను విప్పడం. ఇస్త్రీ బట్టలు, స్పష్టమైన మాట, వచ్చినవాళ్లను లేచి పలకరించడం అని రాసుకోండి. రాయలేనిది ఏదైనా మిగిలితే అది రంగే అయి ఉంటుంది. మొదటి వడపోత వరకు బయోడేటా మీద ఫోటో మూసేయండి. అందరికీ అవే ఐదు ప్రశ్నలు, ప్రతిదానికీ 1 నుంచి 5 మార్కులు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఆ మార్కులు కాగితం మీద వేయాలి. ‘మాకేం లేదండీ, కస్టమర్లు ఒప్పుకోరు’ అనే యజమానితో వాదన పెట్టుకోవద్దు. ఎనిమిది వారాలు కౌంటరు డ్యూటీ అందరికీ వంతులవారీగా వేయించి, అమ్మకాలూ ఫిర్యాదుల పుస్తకమూ ఆయన ముందు పెట్టండి.

రాజ్యాంగం 15వ అధికరణలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నాయి, చర్మం రంగు లేదు. అందుకే సంస్థ నియమావళిలో ఈ వాక్యం విడిగా చేర్చాలి: ‘చర్మపు రంగును బట్టి పేర్లు పెట్టడం, బాధ్యతలు ఇవ్వడం లేదా ఇవ్వకపోవడం క్రమశిక్షణ ఉల్లంఘన.’ రంగు మాట వెనుక కులం దూషణ ఉంటే అది 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి రావచ్చు, లైంగికంగా ఉంటే పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీకి వెళ్తుంది. హెచ్‌ఆర్ ఈ మూడింటినీ కలిపేసి ‘సర్దుకుపోండి’ అనకూడదు.

ఐడీ కార్డుల ఫోటోల గురించి స్టూడియోవాళ్లకు ముందే రాతపూర్వకంగా చెప్పండి: మొహం తెల్లగా చేయవద్దు, వెలుతురు సరిచేస్తే చాలు. ముదురు ఛాయ మొహాలు చీకటిగా వస్తే లోపం వెలుతురుదే, కిటికీ వైపు తిప్పి మళ్లీ తీయమనండి. ఆరు నెలలయ్యాక ఆ నోటుబుక్కు తీసి, కొత్త ఫోటోలతో అదే లెక్క మళ్లీ వేయండి.