ఫోబియా జీన్స్‌లోనే ఉందా? అయితే ఇలా చేయండి

మా అమ్మకీ సాలీడంటే భయమే, నాకూ అంతే, రక్తంలోనే ఉంది ఇంక పోదులే అనుకునేవాళ్లు ఒక్క లెక్క చూడండి, కవలల మీద స్టడీల్లో ఫోబియాల్లో, అంటే ఒక వస్తువన్నా జీవి అన్నా మితిమీరిన భయాల్లో, జీన్స్ (జన్యువుల) వాటా సుమారు 30-40 శాతమే వస్తోంది. మిగతాది మనకి జరిగినవి, చూసి నేర్చుకున్నవి.

మెదడులో అమిగ్డలా అని బాదంగింజంత భాగం ఉంటుంది, అలారం మోగించేది అదే. సెరోటోనిన్ అని మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం ఉంటుంది, దాన్ని వెనక్కి లాక్కునే ప్రోటీన్ జీన్‌లో పొట్టి రకం, పొడుగు రకం ఉన్నాయి, పొట్టి రకం ఉన్నవాళ్లకి భయపడ్డ మొహాల ఫొటోలు చూపిస్తే అమిగ్డలా ఎక్కువ స్పందించిందని 2002లో స్కాన్లలో చూశారు. తర్వాత ఆ తేడా చాలా చిన్నదని తేలింది, అందుకే జీన్ టెస్ట్‌కి డబ్బులు తగలేయకండి, దండగ.

పనిచేసేది ఎక్స్‌పోజరే, అంటే భయపడేదాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కోవడం. ముందు బొమ్మ, తర్వాత వీడియో, తర్వాత దూరంగా డబ్బాలో నిజం సాలీడు, ప్రతి మెట్టు దగ్గరా భయం కాస్త దిగేదాకా ఆగాలి, మధ్యలో పారిపోతే మెదడు పారిపోయా కాబట్టే బతికా అని రాసేసుకుంటుంది. మీ అలారం మరీ గట్టిదైతే మెట్లు చిన్నవి చేసుకోండి, సిగ్గేం లేదు, భయం మరీ తీవ్రమైతే థెరపిస్ట్ పక్కన ఉండాలి.

రక్తం, సూది చూసి కళ్లు తిరిగేవాళ్ల కథ వేరు, వాళ్లకి బీపీ ఠక్కున పడిపోతుంది, ఇది కుటుంబాల్లో బాగా నడుస్తుంది కూడా. వాళ్లు రిలాక్స్ అవ్వకూడదు, ఉల్టాగా చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు 10-15 సెకన్లు బిగించి, మొహం వెచ్చబడ్డాక వదిలి, 20-30 సెకన్లు ఆగి మళ్లీ, ఇలా 5 సార్లు. ఊపిరి మాత్రం బిగపట్టకండి.