కొత్త పద్ధతి సంస్థలో ఎలా పాకుతుంది? 4వ పాఠం: బాస్ నమూనాను చేత్తో కడదాం

గత పాఠంలో కొత్త పద్ధతిని ముందుగా అందుకునేవాళ్లను, ఆగి చూసేవాళ్లను వేరు చేశాం. ఇప్పుడు ఆ తేడాను లెక్కలో పెడదాం. స్ప్రెడ్‌షీట్ తెరవండి, కాగితం, కాలిక్యులేటర్ ఉన్నా చాలు.

కొత్తది జనంలో ఎంత వేగంగా పాకుతుందో లెక్కించడానికి అమెరికా మార్కెటింగ్ పరిశోధకుడు ఫ్రాంక్ బాస్ 1969లో ప్రచురించిన నమూనా ఇది. కొందరు సర్క్యులరో ట్రైనింగో ప్రకటనో చూసి మొదలుపెడతారు, ఆ బలం ‘పి’. మిగతావాళ్లు వాడుతున్నవాళ్లను చూసి మొదలుపెడతారు, ఆ బలం ‘క్యూ’. అయోవా రైతులు 259 మందిపై 1943లో వచ్చిన హైబ్రిడ్ మొక్కజొన్న అధ్యయనంలోనూ ఇదే తేలింది. విత్తనం కబురు మొదట తెచ్చినవాళ్లలో అమ్మకందారులు ఎక్కువ, ఒప్పించినవాళ్లలో పొరుగు రైతులు ఎక్కువ.

ఈ ఏడాది చేరేవాళ్లు = (పి + క్యూ × మొత్తంలో వాడుతున్నవాళ్ల వంతు) × ఇంకా చేరనివాళ్లు.

సిబ్బంది 1000 మంది, పి 0.03, క్యూ 0.38 అనుకోండి. మొదటి ఏడాది వాడేవాళ్లెవరూ లేరు కనుక 0.03 × 1000, అంటే 30 మంది చేరతారు. రెండో ఏడాదికి వాళ్ల వంతు 0.03. బ్రాకెట్‌లో 0.03 + 0.38 × 0.03 = 0.0414 వస్తుంది. మిగిలిన 970తో గుణిస్తే 40. ఇలాగే కిందికి వెళితే 53, 67, 83. ఎనిమిదో ఏట 110కి చేరి, ఆ తర్వాత తగ్గుతుంది.

మూడేళ్లకు మొత్తం 123 మందే. ‘ఎవరూ వాడటం లేదు’ అని ప్రాజెక్టు మూసేయడానికి ఈ అంకె చాలు, కానీ అప్పటికి ఏటా చేరేవాళ్లు పెరుగుతూనే ఉన్నారు. తీర్పు చెప్పేటప్పుడు మొత్తాన్ని కాదు, ఏటేటా వచ్చే తేడాను చూడండి.

ఇప్పుడు అసలు ప్రయోగం. పి మాత్రం 0.06 చేయండి, ఐదేళ్లకు 474 మంది. పి మళ్లీ 0.03 చేసి క్యూను 0.76కి పెంచండి, అప్పుడూ దాదాపు అంతే! కానీ మొదటి దారిలో మూడేళ్లకే 235 మంది ఉంటే, రెండో దారిలో 165 మందే. ఆరో ఏట మాత్రం మొదటిదాంట్లో 126 మంది చేరితే, రెండోదాంట్లో 205 మంది. రెండూ మిగిలినవాళ్ల మీదే పనిచేస్తాయి, కానీ పి ప్రభావం ఏటా ఒకే బలంతో ఉంటుంది. క్యూ ప్రభావం వాడేవాళ్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది. అందుకే నా ఓటు, సర్క్యులర్ల సంఖ్య పెంచడం కన్నా, వాడుతున్నవాళ్లు పక్క విభాగం వాళ్లకు పని చేసి చూపించే వీలు కల్పించడానికే.

వచ్చే పాఠానికి ముందు క్యూను సున్నా చేసి పదేళ్ల పట్టిక వేయండి. శిఖరం ఏ ఏడాది వచ్చిందో రాసి పెట్టుకోండి.