కడప బండ మీద ఫాన్ డెర్ టాన్: 1:300 నమూనా చేసే పద్ధతి

ఫాన్ డెర్ టాన్ జర్మనీ కట్టిన మొదటి బ్యాటిల్‌క్రూజర్, అంటే పెద్ద ఫిరంగులతో వేగంగా వెళ్లే యుద్ధనౌక. హాంబర్గ్‌లోని బ్లోమ్ ఉండ్ ఫాస్ యార్డులో 1908లో పని మొదలై, 1910 సెప్టెంబరులో నౌకాదళంలో చేరింది. టర్బైన్లతో నడిచిన తొలి పెద్ద జర్మన్ యుద్ధనౌక కూడా ఇదే. సైన్స్‌ఫేర్‌కు దీన్ని చేసేవాళ్లు రంగు మీద పెట్టే శ్రద్ధ పక్క టరెట్ల (ఫిరంగులు బిగించిన, తిరిగే గూళ్ల) మీద, కవచం మందం మీద పెట్టరు. ఆ రెండూ తప్పుగా వస్తే అది ఏ ఓడైనా కావచ్చు.

అసలు పొడవు 171.7 మీటర్లు, వెడల్పు 26.6. 1:300లో 572 మి.మీ., 89 మి.మీ. ప్లాన్‌ను ఏ3 కాగితాలు రెండింటి మీద తీయించి అతికించండి. జిరాక్సు షాపులో ‘ఫిట్ టు పేజ్’ తీసేయమని చెప్పాలి. లేకపోతే మూడు నాలుగు శాతం తగ్గి వస్తుంది, టరెట్లు అతికించేదాకా ఆ సంగతి తెలియదు. షాపు దగ్గరే స్కేలు పెట్టి 572 వచ్చిందో లేదో చూసుకోండి.

నీటిగీత నుంచి పైభాగం మాత్రమే చేస్తే చాలు. ఫ్లెక్స్ షాపుల్లో దొరికే 5 మి.మీ. సన్‌బోర్డు ముక్కలు పొరలుగా పెట్టండి. ముందు డెక్కు ఎత్తుగా ఉండి, వెనుక టరెట్ దగ్గర ఒక అంతస్తు దిగుతుంది. కాబట్టి పై పొర అక్కడే ఆగాలి. థర్మకోల్ వద్దు, స్ప్రే పెయింట్ తగిలితే కరిగిపోతుంది. ఫెవికాల్ కూడా వద్దు, సన్‌బోర్డు నీళ్లు పీల్చదు కాబట్టి మధ్యలో రోజుల తరబడి తడిగానే ఉంటుంది. చెప్పులకు వాడే రబ్బరు గమ్ రెండు వైపులా పలచగా రాసి, చేతికి అంటకుండా ఆరాక అదమండి. తొందరపడితే లోపల చిక్కిన ఆవిరికి పొర ఉబ్బుతుంది.

ఇక టరెట్లు. నాలుగు జంట టరెట్లలో మొత్తం ఎనిమిది 28 సెం.మీ. ఫిరంగులు: ముందొకటి, వెనుకొకటి, నడుమ రెండు పక్కలా ఒక్కొక్కటి. ఈ పక్క టరెట్లు ఎదురెదురుగా ఉండవు, ఒకటి కాస్త ముందుకు, ఇంకొకటి వెనక్కి. అందువల్ల డెక్కు మీదుగా అవతలి వైపుకూ తిరిగి కాల్చగలవు, ఎనిమిదీ ఒకే దిక్కుకు పేలతాయి. నడిమి కట్టడాన్ని ఒకే దిమ్మగా చేస్తే ఈ గొట్టాలు దానికి తగిలి ఆగుతాయి. ప్లాన్‌లో ఉన్న ఖాళీని తప్పకుండా కోయండి. తిరగడానికి జాకెట్లకు కుట్టే టిచ్ బటన్ చక్కగా పనిచేస్తుంది: సగం డెక్కుకు, సగం టరెట్ కిందికి. ఫెవిక్విక్ ఒక్క చుక్కే, అదీ అగ్గిపుల్ల కొసతో. ఎక్కువైతే బటన్ లోపలికి పాకి టరెట్ బిగుసుకుపోతుంది.

గొట్టానికి కాలిపోయిన అగరుబత్తి పుల్ల చాలు. మొత్తం పొడవు 42 మి.మీ. వస్తుంది గానీ కొంత టరెట్ లోపలే ఉంటుంది. బయటికి ఎంతో ప్లాన్ మీద కొలవండి. టరెట్ వైపు కొస లావు రావడానికి సన్న కాగితం చుట్టండి.

కవచం చూపించడం తేలికే, పాత పెళ్లిపత్రికలు ఉంటే చాలు. ఓడ పక్కల నీటిగీత దగ్గర ఉండే నడుము పట్టీ మందం గరిష్ఠంగా 250 మి.మీ., అంటే మన కొలతలో 0.83 మి.మీ. ఫిజిక్స్ ల్యాబ్ వెర్నియర్‌తో పది అట్టలు కలిపి కొలిచి, పదితో భాగించి, సరిపోయేన్ని అతికించండి. పక్కనే 0.5 మి.మీ. పట్టీ ఇంకొకటి పెట్టండి. అది బ్రిటిష్ బ్యాటిల్‌క్రూజర్ ఇన్‌డిఫాటిగబుల్‌ది, అసలు 152 మి.మీ. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916 మే 31న జట్లాండ్ నౌకాయుద్ధంలో ఫాన్ డెర్ టాన్ సుమారు పావుగంటలో ఆ ఓడను పేల్చేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. అదే రోజు ఫాన్ డెర్ టాన్ నాలుగు పెద్ద గుండ్లు తిని, ఒక దశలో పెద్ద ఫిరంగులన్నీ మూగబోయినా వరుస వదలకుండా తిరిగొచ్చింది. పిల్లలు రెండు పట్టీలనూ వేళ్లతో తాకి చూస్తే ఉపన్యాసం అక్కర్లేదు.

ఏ ఏడాది ఓడో ముందే తేల్చుకోండి. 1914 రూపమైతే పక్కలకు టార్పెడోలను ఆపే వలల కడ్డీలు ఉండాలి. జట్లాండ్ తర్వాత వలలు పోయాయి.

పీఠానికి కడప బండే మేలు, నల్లటి సముద్రంలా కనిపిస్తుంది. 65×15 సెం.మీ., 2 సెం.మీ. మందం ముక్క దాదాపు 5 కిలోలు తూగుతుంది. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, పూర్తిగా ఆరాకే ఓడను పెట్టండి, గమ్‌తో కాకుండా రెండువైపుల టేపుతో. మే నెల ఎండలో బండ కాగితే సన్‌బోర్డు మెత్తబడి ముక్కు వంగుతుంది. బస్సులో తీసుకెళ్లేటప్పుడు రెండూ విడివిడిగా కట్టండి.