కట్టెల పొయ్యి పొగ కక్కుతోందా? లోపం ఎక్కడుందో పట్టుకోండి

పొయ్యి మండకపోతే ఎవరైనా ముందు చేసేది గొట్టం అందుకుని ఊదడం. గాలి చాలని పొయ్యికి అది మందే. వేడి చాలని పొయ్యికి మాత్రం ఉన్న కాస్త నిప్పూ చల్లబడి ఆరిపోతుంది. మంటకు మండే సరుకు కావాలి, గాలిలోని ఆక్సిజన్ కావాలి, రాజుకునేంత వేడి కావాలి. ఏది తక్కువైందో పొగ, చప్పుడు, మసి చూస్తే తెలిసిపోతుంది.

అగ్గిపెట్టె ఖాళీ అవుతోంది, కట్టె అంటుకోదు

సుమారు 250-300 డిగ్రీల వేడి తగిలితే కట్టెలోంచి మండే ఆవిర్లు వస్తాయి. మనకు మంటగా కనిపించేది ఆ ఆవిర్లు మండటమే. అగ్గిపుల్ల వేడి మణికట్టు లావు సరుగుడు దుంగలో ఇంకిపోతుంది, పైన నిలవదు. అదే వేడి కొబ్బరి పీచుకు ఎక్కువే.

అందుకే పేర్పులో వరస ముఖ్యం. అడుగున పిడికెడు ఎండు కొబ్బరి పీచు, లేదా చింపిన తాటాకు. దానిపైన అగ్గిపుల్ల లావు చితుకులు గుప్పెడు, వదులుగా. ఆపైన చిటికెన వేలు లావు కందికట్టె ఏడెనిమిది పుల్లలు. అవి చిటపటమని అంటుకున్నాకే బొటనవేలు లావువి, ఆ తర్వాతే చీల్చిన దుంగలు. పాత పేపరు వాడితే మడతలు పెట్టకుండా నలిపి వేయండి. మడత పెట్టిన పేపరు అంచులు కాలి లోపల నల్లగా మిగిలిపోతుంది.

ఆరిపోయిందనుకున్న నిప్పుల మీద కిరసనాయిలు పోయొద్దు. ఆ వేడికి ఆవిరై ఒక్కసారిగా మొహం మీదకు లేస్తుంది. పెట్రోలు ఊసే వద్దు.

తెల్లటి చిక్కని పొగ, కట్టె కొసల్లో నురగ, సుయ్‌మని చప్పుడు

పచ్చి కట్టె. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉంటాయి. అన్నం గిన్నెలో నీళ్లున్నంతసేపూ అడుగంటదు, ఇంకిపోయాకే మాడుతుంది కదా. కట్టె సంగతీ అంతే. తడి ఉన్నచోట 100 డిగ్రీలు దాటదు, రాజుకోవడానికి కావలసింది దానికి రెట్టింపు పైనే. పైగా నీళ్లు మరిగే దాకా రావడానికి పట్టే వేడికన్నా, మరిగిన నీళ్లు పూర్తిగా ఆవిరవడానికి పట్టే వేడి ఏడు రెట్లకు పైగా ఎక్కువ. పొయ్యి వేడంతా అక్కడే ఖర్చయిపోతుంది.

రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవైతే ఖంగుమంటాయి, పచ్చివైతే దబ్బుమంటాయి. ఎండిన కట్టె కొసల్లో నడిమధ్య నుంచి బీటలుంటాయి, బెరడు గోరుతో లాగినా ఊడొస్తుంది.

దుంగగా ఉంచితే బెరడు తడిని బయటికి పోనివ్వదు, అందుకే ముందు చీల్చాలి. నేలకు ఆనకుండా ఇటుకల మీద అడ్డం నిలువుగా పేర్చి, పైన మాత్రం కప్పాలి. టార్పాలిన్ కిందికంటా దించితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఇలా పేర్చిన సన్న చీలికలకు ఒక ఎండాకాలం చాలు, చీల్చని లావు దుంగకు ఏడాది దాటినా చాలదు. వానకు పైపైన తడిసిన ఎండు కట్టె వేరే సంగతి: చీల్చి, లోపలి పొడి ముఖం మంటవైపు పెడితే మండుతుంది. వానాకాలంలో తర్వాతి పూట కట్టెలను పొయ్యికి జానెడు దూరంలో నిలబెట్టి సెగకు ఆరనివ్వండి. మనిషి కనిపెట్టుకుని ఉన్నంతసేపే సుమా, రాత్రంతా వదిలేసి కాదు.

కట్టె ఎండిందే, అయినా పొగే

గాలి అందడం లేదు. పొయ్యి నోట్లోకి వంగి చూడండి. బూడిద కట్టెల ఎత్తుకు చేరిందా? నోరంతా కట్టెలతో కూరేశారా? గాలి కిందినుంచి రావాలి. బూడిద ఎత్తేసి రెండు వేళ్ల మందం వదలండి. వీలైతే అడుగున ఇనప జల్లెడ పెట్టండి. నోట్లో పైసగం ఖాళీగా ఉండాలి.

చాలామందికి తట్టని లోపం ఇంకోటుంది. గిన్నె పొయ్యి అంచుకు బిగుతుగా కూర్చుంటే వేడిగాలికి పైకి దారి ఉండదు, పాతగాలి పోనిదే కొత్తగాలి రాదు, పొగ నోట్లోంచి వెనక్కి తంతుంది. పొయ్యి మీద మూడు గుబ్బలు ఉండేది అందుకే. అవి అరిగిపోతే గిన్నెకూ అంచుకూ మధ్య వేలు దూరేంత సందు ఉండేలా మట్టితో మళ్లీ పెట్టండి. సందు మరీ పెద్దదైతే సెగంతా పక్కలకు పోతుంది.

ఊదినంతసేపే మంట

ఒంటి కట్టె మండదు. దాని వేడి నాలుగు పక్కలా చెదిరిపోతుంది. రెండు కొరవులను వేలెడు సందుతో ఎదురెదురుగా ఉంచితే దీని సెగ దానికి, దాని సెగ దీనికి తగిలి రెండూ నిలబడతాయి. మూడైతే ఇంకా మేలు. కట్టెలు కాలుతున్నకొద్దీ లోపలికి ఎగదోయాలి. మరిచిపోతే కొసలు దూరమై మళ్లీ పొగే.

పొట్టు పొయ్యి సగంలో ఆరింది

గాలి, మంట సాగడానికి పొట్టు మధ్యలో వదిలిన కన్నం కూలి ఉంటుంది. పొట్టు వదులుగా కూరడమే కారణం. రెండంగుళాల లావు గుండ్రటి కర్ర నిలువుగా, ఇంకోటి కింది రంధ్రంలోంచి దానికి ఆనేలా పెట్టి, పొట్టును నాలుగు వేళ్ల ఎత్తు చొప్పున పోసి ప్రతిసారీ దిమ్మిస కొట్టాలి. కర్రలను తిప్పుతూ లాగాలి, ఊపుతూ కాదు. అంటుకున్నాక పైనుంచి పుల్లతో కెలకొద్దు. మంటలో రాలిన పొడి భగ్గుమంటుంది.

గ్యాస్ మంట పసుపు, గిన్నెకు మసి

ఇదీ గాలి లోపమే. వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్ ఒక పాలు పూర్తిగా మండాలంటే, ఘనపరిమాణంలో సుమారు 31 పాళ్ల గాలి కావాలి. బర్నరు గొట్టంలో సాలెగూడో జిడ్డో చేరితే ఆ గాలి రాదు. రెగ్యులేటరు కట్టేసి, బర్నరు చల్లారాక తీసి, వేడి సబ్బునీళ్లలో నానబెట్టి, రంధ్రాలు పిన్నుతో, గొట్టం బ్రష్‌తో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాకే బిగించండి. గ్యాస్ బయటికి చిమ్మే సన్న కన్నపు ముక్క (జెట్) లో మాత్రం సూది గుచ్చొద్దు, కన్నం పెద్దదవుతుంది. మసి లేకుండా అప్పుడప్పుడూ నారింజ మెరుపులు వస్తే అది ఉప్పో దుమ్మో, కంగారు లేదు.

మంట ఆరాలి, ఆరడం లేదు

బాండీలో నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు. నీళ్లు నూనె కిందికి దిగి, క్షణంలో 1,700 రెట్ల ఆవిరిగా ఉబ్బి, మండే నూనెను వంటిల్లంతా చిమ్ముతాయి. స్టవ్ కట్టేయండి, పక్కనుంచి మూత జరిపి కప్పండి. గాలి ఆగి మంట చస్తుంది. వేడి మాత్రం నూనెలో అలాగే ఉంటుంది. బాండీ చేత్తో పట్టుకునేంత చల్లబడే దాకా మూత ఎత్తొద్దు.