పెరటి రైలు – మూడవ పాఠం: అందుబాటు ధరలో ఆవిరి ఇంజిన్‌ను ఎంచుకోవడం

గత పాఠంలో హనుమకొండలోని మా పెరట్లో మేకు పాతి, దారం కట్టి గీసిన వలయం మీద చిన్న నమూనా రైలుకు పట్టాలు పరిచాం. దాని వ్యాసార్ధం మూడు అడుగులు, పట్టాల మధ్య ఎడం 45 మిల్లీమీటర్లు. మీ పెరట్లో ఈ రెండు కొలతలు ఎంతో కాగితం మీద రాసుకున్న తర్వాతే ఇంజిన్ ధరలు చూడండి. పొడవైన ఇంజిన్ బిగువైన మలుపులో పట్టా తప్పుతుంది. అప్పుడు పెట్టిన డబ్బు షోకేసులో నిలబడుతుంది.

కాజీపేట జంక్షన్ పక్కన పెరిగినవారికి మొదట కలిగే కోరిక బ్రాడ్ గేజ్ మీద నడిచిన పెద్ద ఇంజిన్‌కు నమూనా కావాలని. ఆ కోరిక సహజమే గాని ఖరీదైనది. గేజ్ అంటే పట్టాల మధ్య ఎడం; మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. దానిని 45 మిల్లీమీటర్ల పట్టాల మీదికి కుదిస్తే ఇంచుమించు 37వ వంతు నమూనా అవుతుంది, ఆ కొలతకు కర్మాగారాల్లో సాధారణంగా ఎవరూ తయారు చేయరు. చిన్న గేజ్‌ల సంగతి వేరు. ఒకప్పుడు నిజామాబాద్, బాసర మీదుగా సాగిన మీటర్ గేజ్ ఇదే 45 మిల్లీమీటర్ల పట్టాల మీద 22.5వ వంతుకు ఇంచుమించుగా కుదురుతుంది. డార్జిలింగ్‌లో నేటికీ ఉన్న 610 మిల్లీమీటర్ల గేజ్‌కు 32 మిల్లీమీటర్ల పట్టాలపై 19వ వంతు సరిపోతుంది. చవకగా దొరికే ఆవిరి ఇంజిన్లలో ఎక్కువ భాగం ఇటువంటి చిన్న గేజ్‌ల నమూనాలే. నాలుగు చక్రాల పొట్టి ఇంజిన్‌తో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. రెండు మూడు అడుగుల వ్యాసార్ధం ఉన్న వలయంలో అది ఇబ్బంది లేకుండా తిరుగుతుంది.

ఇక అసలు విషయం. ఆవిరి ఇంజిన్‌లో మీరు డబ్బు పెట్టవలసింది రంగుకూ, ఇత్తడి నగిషీకీ కాదు, బాయిలర్‌కూ ఆవిరిని అదుపు చేసే వాల్వులకూ. వంటింటి కుక్కర్‌ను తలచుకోండి. విజిల్ వేసే వేళకు దానిలోని పీడనం చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లు, ఉష్ణోగ్రత 120 డిగ్రీలు. మంచి చిన్న ఇంజిన్ బాయిలర్ 40 పౌండ్ల దగ్గర పనిచేస్తుంది, అంటే లోపలి నీరు 140 డిగ్రీలు దాటుతుంది. అతుకులకు వేసే మామూలు సీసపు టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది; నీళ్లు ఇంకిపోయిన బాయిలర్ కింద మంట మండుతూ ఉంటే ఆ వేడిని అందుకోవడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే రాగి బాయిలర్, వెండి టంకం, పీడనం చూపే గేజ్, సేఫ్టీ వాల్వ్ ఈ నాలుగూ ఉన్న ఇంజిన్ చూడడానికి ఎంత సాదాగా ఉన్నా దానినే ఎంచుకోండి.

ఆవిరి ఒత్తిడితో చక్రాలను తిప్పే సిలిండర్లు రెండు రకాలు. మొదటి రకంలో సిలిండరే ముందుకూ వెనక్కూ ఊగుతూ, తన రంధ్రాన్ని ఆవిరి వచ్చే రంధ్రానికి ఒకసారి, ఆవిరి పోయే రంధ్రానికి మరొకసారి ఎదురుగా తెస్తుంది. విడిగా వాల్వు ఉండదు కనుక ధర తక్కువ. అయితే ఆ రెండు తలాల మధ్య బిగువును ఒక స్ప్రింగు మాత్రమే నిలుపుతుంది. పీడనం పెరిగితే ఆవిరి పక్కకు జారిపోతుంది, మెల్లగా నడపడం కష్టమవుతుంది. బ్రిటన్‌కు చెందిన మామోడ్ కంపెనీ 1980 ప్రాంతంలో తెచ్చిన ఇంజిన్ ఈ పద్ధతిదే, దానికి ఘన ఇంధనపు బిళ్లలు వాడేవారు. రెండవ రకంలో సిలిండర్ కదలదు, వాల్వు జరుగుతుంది. బెల్జియం ఇంజినీరు వాల్షార్ట్ 1844లో రూపొందించిన, వాల్వును జరిపే అమరికను గాని, దానిని సులభం చేసిన రూపాన్ని గాని ఇందులో చూస్తారు. ఇంగ్లండ్‌లోని డాంకాస్టర్‌కు చెందిన రౌండ్‌హౌస్ కంపెనీ ఇంజిన్లు ఈ కోవలోవి. అక్యూక్రాఫ్ట్ కంపెనీ వారి రూబీ కూడా నాలుగు చక్రాల చిన్న ఇంజిన్, బ్యూటేన్ గ్యాస్‌తో నడుస్తుంది, 45 మిల్లీమీటర్ల పట్టాలకు 20.3వ వంతు నమూనా. జపాన్‌కు చెందిన ఆస్టర్ ఇంజిన్లు అందంలో వీటన్నిటినీ మించినవే, కాని వాటి ధరలు ఈ పాఠం పరిధిలోకి రావు.

కొత్త ఇంజిన్‌ను విదేశం నుంచి తెప్పించేటప్పుడు ప్రకటనలోని ధరను మాత్రమే చూసుకోవద్దు. కస్టమ్స్ సుంకం ఇంజిన్ వెలతో పాటు రవాణా, బీమా ఖర్చులను కూడా కలిపి లెక్కిస్తారు, ఆ మొత్తం మీద మళ్లీ జీఎస్టీ పడుతుంది. గ్యాస్ డబ్బాలు మామూలు పార్సిల్‌లో విమానం ఎక్కవు, ఇంధనం ఇక్కడే సమకూర్చుకోవాలి. లైటర్లలో నింపే బ్యూటేన్ డబ్బా చాలు. వంట సిలిండర్ జోలికి ఎట్టి పరిస్థితిలోనూ పోవద్దు. అందులో ప్రొపేన్ కూడా కలుస్తుంది, దాని పీడనం ఎక్కువ. అసలు బ్యూటేన్ పీడనమే 15 డిగ్రీల దగ్గర ఉన్న దానికంటే 40 డిగ్రీల దగ్గర రెట్టింపు దాటుతుంది. కనుక వరంగల్ మే నెల ఎండలో బర్నర్ గర్జిస్తే ఇంజిన్ పాడైందని కంగారు పడకండి, దానిని వేపచెట్టు నీడకు మార్చండి. మేమైతే ఎండాకాలంలో ఉదయం ఏడు గంటల లోపే నడుపుకుంటాం.

పాత ఇంజిన్ కొనడమే అందుబాటు ధరకు దగ్గరి దారి, మోసపోవడానికీ అదే దగ్గరి దారి. నా మొదటి ఇంజిన్‌ను అలాగే కొన్నాను. బాయిలర్ కింద, పైపు కలిసేచోట సన్నని తెల్లని చార ఉంది. ఎప్పుడో పడిన నీటి మరక అనుకున్నాను. ఇంటికి తెచ్చి ఆవిరి కడితే పీడనపు గేజ్ ముల్లు 10 పౌండ్లు దాటలేదు. ఆ చార నుంచే చుక్కచుక్కగా కారిన నీళ్లు బర్నర్‌ను రెండుసార్లు ఆర్పేశాయి. ఆ అతుకు విప్పించి మళ్లీ టంకం పెట్టించేసరికి కొన్న ధరలో సగం ఖర్చైంది. తెల్లని చార అంటే లోపలి నీరు ఆవిరై బయటికి వస్తూ సున్నాన్ని వదిలిన దారి. ఇత్తడి మీద పచ్చని మచ్చ ఉన్నా అదే అనుమానం పెట్టుకోండి.

కాబట్టి పాత ఇంజిన్‌ను మంట లేకుండానే పరీక్షించండి. దానిని తిరగేసి, చూపుడు వేలితో చక్రాన్ని నిదానంగా ఒక చుట్టు తిప్పండి. ప్రతి చుట్టులోనూ ఒకే చోట వేలికి అడ్డు తగిలితే చక్రాలను కలిపే కడ్డీ వంగి ఉండవచ్చు. చుట్టంతా ఒకే బిగువు ఉంటే ఎండిపోయిన నూనె కావచ్చు, అది కడిగితే పోతుంది. తర్వాత బాయిలర్‌ను గాలి మిగలకుండా చన్నీటితో నింపి, పనిచేసే పీడనానికి ఒకటిన్నర రెట్లు, అంటే 40 పౌండ్ల బాయిలర్‌కు 60 పౌండ్ల దాకా చేతి పంపుతో ఎక్కించమని అమ్మేవారిని అడగండి. నీరు ఆవిరిలా వ్యాకోచించదు గనుక లోపం ఉంటే కారుతుందే గాని పేలదు. అమ్మేవారు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి.

నీటి సంగతి ఒక్క మాటలో: మన బోరు నీళ్లు పోయవద్దు, వాటి సున్నం బాయిలర్‌లో పేరుకుంటుంది. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌ను గాని, శుభ్రంగా పట్టిన వాననీటిని గాని వాడండి.

మరొక ప్రశ్న కూడా తప్పక అడగండి: గ్యాస్ ముందు అయిపోతుందా, నీళ్లు ముందు అయిపోతాయా? సరిగ్గా రూపొందించిన ఇంజిన్‌లో గ్యాస్ ట్యాంకు పరిమాణం నీళ్లు మిగిలి ఉండగానే మంట ఆరేటట్లు ఉంటుంది. రేడియో కంట్రోల్ కోసం మొదటే డబ్బు పెట్టనక్కరలేదు. పట్టాల వాలు 50 అడుగులకు ఒక అడుగు మించకపోతే వేగాన్ని చేతితో సరిచేసి వదిలిన ఇంజిన్ కూడా చక్కగానే నడుస్తుంది.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన అభ్యాసం ఇది. అమ్మకానికి ఉన్న మూడు ఇంజిన్ల వివరాలు తీసుకుని, ప్రతిదానికీ గేజ్, తిరగగల కనీస వ్యాసార్ధం, సిలిండర్ రకం, ఇంధనం, పనిచేసే పీడనం, సుంకంతో కలిపి ఇంటికి చేరే ధర ఒకే కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని పక్కన పెట్టుకునే నాలుగవ పాఠంలో తొలిసారి ఆవిరి కట్టడం, సిలిండర్‌కు చేరే నూనెను కొలవడం నేర్చుకుందాం.