మెరక మీద సైకిల్ మొరాయిస్తే: ఏం జరుగుతోంది, ఏం చేయాలి

చదును రోడ్డు మీద 30 కిలోమీటర్లు హాయిగా తొక్కేవాళ్లు కూడా కొండ మొదలవగానే దిగి నెట్టుకుంటూ పోతుంటారు. ఏమైందని అడిగితే "స్టామినా లేదండీ" అంటారు. ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు రోగాలు దాక్కుని ఉంటాయి. అందుకే ముందు ఒక్క సంగతి గుర్తుచేసుకోండి. కిందటిసారి ఆగిపోయినప్పుడు మొదట చేతులెత్తేసింది ఏది? ఊపిరా, తొడలా, మోకాలా, లేక సైకిలేనా? జవాబును బట్టి మందు మారుతుంది. మీకు సంబంధించిన భాగం చదివితే చాలు. మొదటి రెండు మాత్రం అందరూ చదవండి. నేను చూసినంతలో చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

మూడు నిమిషాలకే ఊపిరి అందడం లేదు

తప్పు మూడో నిమిషంలో జరగలేదు, మొదటి నిమిషంలోనే జరిగింది. చదును మీద వచ్చిన ఊపుతోనే ఎక్కడం మొదలుపెడతాం. కాళ్లు తాజాగా ఉంటాయి కాబట్టి శ్రమ తెలియదు. కాళ్ల ఖర్చుకు తగ్గట్టు గుండె, ఊపిరితిత్తులు పుంజుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఈలోగా కండరాలు అప్పు చేసి నడిపిస్తాయి. అప్పులవాడు తలుపు తట్టేసరికి వాలు ఇంకా పెరిగి ఉంటుంది. హార్ట్ రేట్ చూపించే వాచీ ఉన్నా మొదట్లో దాన్ని నమ్మకండి, అదీ అంతే ఆలస్యంగా చెబుతుంది.

మాట పరీక్ష ఇంతకంటే నమ్మకమైనది. కొండలో మొదటి మూడో వంతు దూరం పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలిగేలా తొక్కండి. మధ్య భాగంలో నాలుగైదు మాటలకోసారి గాలి పీల్చుకోవాల్సి వచ్చినా ఫరవాలేదు. మిగిలిందంతా చివరి భాగంలో ఖర్చు పెట్టండి. "మరీ నెమ్మదిగా పోతున్నానేమో" అని మొదట్లో అనిపించిందంటే సరిగ్గానే మొదలుపెట్టారన్నమాట. పక్కనుంచి దూసుకుపోయేవాళ్లను పోనివ్వండి, చాలామంది పై మలుపుల దగ్గర మళ్లీ కలుస్తారు.

ఇప్పటికే రొప్పు మొదలైపోయిందా? వెంటనే దిగకండి. ఉన్నవాటిలో తేలికైన గేరుకు మార్చి, సైకిల్ పడిపోకుండా ఉండేంత వేగంతో రెండు నిమిషాలు నడపండి. గాలి పీల్చడం మీద కంటే పూర్తిగా బయటికి వదలడం మీద దృష్టి పెట్టండి, లోపలికి రావాల్సింది దానంతటదే వస్తుంది.

ఒక్క మినహాయింపు. ఛాతీలో నొప్పి లేదా బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం వస్తే అది ఫిట్‌నెస్ సమస్య కాదు. ఆగిపోయి వెంటనే వైద్య సహాయం తీసుకోండి.

ఊపిరి బాగానే ఉంది, తొడలు మండిపోతున్నాయి

ఇది ఎక్కువగా గేరు చేసే పని. కాస్త లెక్క చూద్దాం, దీని దగ్గరే కళ్లు తెరుచుకుంటాయి.

చాలా రోడ్డు బైకుల్లో ముందున్న చిన్న పళ్ల చక్రానికి 34 పళ్లు, వెనక క్యాసెట్‌లో, అంటే వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తిలో, పెద్దదానికి 28 పళ్లు ఉంటాయి. ఆ గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు 2.55 మీటర్లు ముందుకు పోతుంది. వాలు 8 శాతం అనుకుందాం, అంటే 100 మీటర్లు పోతే 8 మీటర్లు పైకి. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు. నిమిషానికి 75 చుట్లు తిప్పాలంటే గంటకు 11.5 కిలోమీటర్ల వేగం కావాలి, దానికి 230 వాట్ల పైనే శక్తి కావాలి. సరదాగా తొక్కే మనలో చాలామందికి అది ఎక్కువసేపు నిలిచేది కాదు. 150 వాట్లే పెట్టగలిగే మనిషి అదే వాలు మీద గంటకు ఏడున్నర కిలోమీటర్ల లోపే పోతాడు. ఆ 34-28 గేరులో అతని కాళ్లు నిమిషానికి 48 చుట్లే తిరుగుతాయి. అది తొక్కడం కాదు, మెట్టు మెట్టుకూ బస్తా ఎత్తడం.

వెనక పెద్దదానికి 34 పళ్లున్న క్యాసెట్ వేస్తే, అదే మనిషి అదే వేగంతో 59 చుట్లు తిప్పుతాడు. ప్రతి తొక్కుడుకూ పెట్టాల్సిన బలం దాదాపు 18 శాతం తగ్గుతుంది. కొత్తగా ఒక్క రోజు కూడా వ్యాయామం చేయకుండానే!

మార్చే ముందు రెండు చూసుకోవాలి. మీ వెనక డిరెయిలర్, అంటే చైన్‌ని ఒక గేరు నుంచి మరో గేరుకు జరిపే భాగం, అంత పెద్ద పళ్ల చక్రాన్ని మోయగలదా? చైన్ పొడవు సరిపోతుందా? మెకానిక్‌ని ఈ రెండూ అడిగాకే పార్టు కొనండి. తేలిక గేరు వాడటం నామోషీ అనుకునేవాళ్లను చాలామందిని చూశాను, వాళ్ల మోకాళ్లను కూడా చూశాను.

గేరు మార్చే వేళ కూడా ముఖ్యం. వాలు నిటారుగా లేచాక, పెడల్ మీద బరువంతా వేసి మారిస్తే చైన్ గరగరలాడుతుంది, ఒక్కోసారి జారి పడిపోతుంది. మలుపు కనిపించగానే, కాలు ఇంకా తేలిగ్గా ఉన్నప్పుడే మార్చేయండి. లేచి నిలబడి తొక్కాలనుకుంటే మాత్రం ముందు ఒక గేరు బరువు పెంచుకోండి. లేకపోతే కాలు ఒక్కసారిగా కిందికి పోయి లయ తప్పుతుంది.

మోకాలు నొప్పి

చిప్ప ముందువైపు నొప్పి ఉంటే సీటు మరీ కిందికి ఉందనో, బరువైన గేరు తొక్కుతున్నారనో మొదట అనుమానించాలి. మోకాలి వెనకవైపు లాగితే సీటు మరీ పైకి ఉండొచ్చు. చెప్పులు లేకుండా నిలబడి, కాళ్ల మధ్య నుంచి నేల దాకా కొలిచి 0.883తో గుణించండి. పెడల్ ఇరుసు కాదు, క్రాంక్ (పెడల్‌ని పట్టుకునే కడ్డీ) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా అంత ఎత్తు రావాలి. కొలత 80 సెంటీమీటర్లయితే 70.6 అన్నమాట. ఇది మొదలుపెట్టడానికి ఒక అంచనా మాత్రమే. అక్కడి నుంచి ఒక్కోసారి 3 నుంచి 5 మిల్లీమీటర్ల చొప్పున జరిపి, రెండు మూడు సార్లు తొక్కి చూడండి. వాపు ఉన్నా, విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోయినా డాక్టర్ దగ్గరికే.

నడుము పట్టేస్తోంది

ఇక్కడా మొదటి ముద్దాయి బరువైన గేరే. హ్యాండిల్ మరీ కిందికో దూరానికో ఉండటం రెండోది. ఐదారు నిమిషాలకోసారి కాసేపు లేచి నిలబడి తొక్కండి, మోచేతులు బిగించకండి.

మొదటి కొండ ఎక్కేశాను, రెండోదానికి ఒంట్లో ఏమీ లేదు

కండరాల్లో దాచుకున్న పిండి పదార్థం గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటల్లో అడుగంటుతుంది. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. గంటకు మించిన రైడ్ అయితే మొదటి అరగంట దాటగానే తినడం మొదలుపెట్టి, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం లోపలికి పోయేలా చూడండి. కొండకు ముందే, చదును మీదే తినేయాలి. రొప్పుతూ నమలడం కుదరని పని.

చాలామంది పట్టించుకోనిది వేడి. చదును మీద 25 కిలోమీటర్ల వేగం ఇచ్చే గాలి, కొండ మీద 8 కిలోమీటర్లకు రాదు. శ్రమ రెట్టింపు, విసనకర్ర మాయం. చొక్కా జిప్ కిందికి లాగడం కొండ పాదం దగ్గరే చేయండి.

నెలల తరబడి తొక్కుతున్నా అదే టైము

ప్రతి రైడూ ఒకేలా ఉంటోందేమో చూడండి. తేలికా కాదు, గట్టీ కాదు, మధ్యస్థం. చెమట పడుతుంది, తృప్తిగా ఉంటుంది, శరీరానికి మాత్రం కొత్తగా నేర్చుకోవాల్సిన అవసరం రాదు.

వారానికి నాలుగు రోజులు తొక్కేవాళ్లయితే మూడు రోజులు నిజంగా తేలిగ్గా, కబుర్లు చెప్పుకునేంత తేలిగ్గా పోండి. అందులో ఒకటి పొడవుగా ఉండాలి. నాలుగో రోజు ఎత్తు మీద 8 నిమిషాల చొప్పున మూడుసార్లు, మధ్యలో 5 నిమిషాలు నెమ్మదిగా. శ్రమ మూడు నాలుగు మాటలకు మించి పలకలేనంత ఉండాలి. మూడోసారి కూడా మొదటిసారి ఎంత ఎత్తు ఎక్కారో అంతే ఎక్కగలగాలి. ఎక్కలేకపోతే మొదటిది అతిగా తొక్కినట్టే. దగ్గర్లో కొండ లేకపోతే ఎదురుగాలి పనికొస్తుంది, ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని బిగించి కదలకుండా తొక్కే పరికరం) ఉన్నా సరే. మూడు వారాలు ఇలా చేశాక నాలుగో వారం బాగా తగ్గించండి, బలం వచ్చేది ఆ విశ్రాంతిలోనే. ఆ వారం ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ.

తేలిక సైకిల్ కొంటే టైము తగ్గుతుందా అని అడుగుతారు. 85 కిలోల మొత్తంలో ఒక కిలో అంటే 1.2 శాతం. అరగంట కొండ మీద ఇరవై సెకన్ల చిల్లర. ఆ కిలో ఫ్రేములో తగ్గినా, నడుము చుట్టూ తగ్గినా కొండకు ఒకటే.

నిన్నటిదాకా బాగుంది, ఉన్నట్టుండి భారమైంది

ఇక సైకిల్‌ని అనుమానించండి. టైర్లలో గాలి చూడండి. గట్టిగా తొక్కినప్పుడే చైన్ టక్కుమని జారుతుంటే చైన్, క్యాసెట్ అరిగాయేమో కొలిపించండి. అరిగిన క్యాసెట్ మీద కొత్త చైన్ ఒక్కటే వేస్తే జారడం ఇంకా పెరగొచ్చు. చక్రాన్ని గాలిలో ఎత్తి తిప్పండి, ఎన్ని చుట్లు తిరిగి ఆగుతుందో గమనించండి. నేను ఒకసారి మూడు వారాలు ఫిట్‌నెస్ పోయిందని దిగులుపడి, తిండి మార్చి, నిద్ర మార్చి, చివరికి చక్రం ఎత్తి తిప్పితే అది ఒకటిన్నర చుట్టుకే ఆగిపోయింది. వెనక బ్రేకు రిమ్ముకు రాసుకుంటోంది.